నీళ్లలో వేసిన ఉత్తరం

స్టాంపులు పోగుచేసే పిచ్చి నాకు టీచరు ఉద్యోగంతోపాటే పట్టింది. అందులోనూ నిజాం కాలపు స్టాంపులంటే ప్రాణం. వాటికోసం జనగామ దాకా పోయి పాత కాగితాల దుకాణాలన్నీ తిరిగాను. కవరు దొరికితే స్టాంపున్న మూల కత్తిరించి, గోరువెచ్చని నీళ్లలో వేసి, జిగురు వదలగానే ఒలిచి, పేపర్ల మధ్య ఆరబెట్టేవాణ్ణి. ఇంట్లో మంచి పళ్లెం ఒక్కటీ మిగలనివ్వవని నా భార్య దెప్పేది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. మహబూబాబాద్‌లో మా బడి మూతపడింది. పొద్దున్నే దీక్ష టెంటులో కూర్చునేవాళ్లం. ఊరికే కూర్చోవడం చేతకాక ఆల్బం పట్టుకుపోయి, మనకూ ఒకప్పుడు సొంత స్టాంపులుండేవని, వాటిమీద తెలుగక్షరాలూ ఉండేవని చూపించేవాణ్ణి. అందరూ తలలు దగ్గర పెట్టి చూస్తుంటే నాకు ఎక్కడలేని గర్వం వచ్చేది.

గార్ల నుంచి వచ్చిన దర్జీ ఒకాయన, చార్మినార్ బొమ్మున్న అణా స్టాంపు మీద వేలుపెట్టి, ఇలాంటిదే తమ అమ్మ పెట్టెలో ఉందన్నాడు. నా ఆల్బంలోది అంచు చిరిగిన స్టాంపు. ఆ మధ్యాహ్నమే ఆయన్ని బండి మీద ఎక్కించుకుని గార్ల పోయాను.

వాళ్ల అమ్మకు ఎనభై దాటి ఉంటాయి. రేకుపెట్టెలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. పెళ్లయిన కొత్తలో, వరంగల్ మిల్లులో పనికి కుదిరిన భర్త పుట్టింట్లో ఉన్న ఆమెకు పంపిన ఉత్తరమట. లోపల ఉర్దూలో రాసి, ఆ కాగితాన్నే మడిచి అంటించి, పైన స్టాంపు అతికించాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన చేతిరాత ఇంట్లో మిగిలింది అదొక్కటే. ఆమెకు చదువు రాదు, కొడుక్కి ఉర్దూ చదవడం రాదు.

"టికెట్ నువ్వుంచుకో బేటా. కాయిదం మాత్రం నాకు తెచ్చియ్యాలె" అన్నది.

ఆ మాట నిలబెట్టుకోవాలనే అంత పనీ చేశాను. కత్తిరిస్తే చిల్లు పడుతుందని కాగితం మొత్తాన్నీ నీళ్లలో పరిచాను. అప్పటిదాకా మూలలు తప్ప నానబెట్టనివాణ్ణి, సిరా సంగతే తట్టలేదు. నా కళ్లన్నీ స్టాంపు మీదే. అది చక్కగా ఊడివచ్చింది. తీరా చూస్తే పళ్లెంలో నీళ్లు నీలంగా ఉన్నాయి. కాగితం మీద మరకలు తప్ప ఏమీ లేవు.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు పోయి, జరిగింది చెప్పి, ఆరిన కాగితం ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"చదువు చెప్పెటోనివి, నీళ్లల్ల ఏస్తె సిరా పోతదని తెల్వదా?"

కోపంగా కాదు, నిజంగానే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

కాసేపటికి కలం ఉందా అన్నది. ఆ రోజుల్లో తమ్ముడితో ఎన్నిసార్లు చదివించుకుందో, ఉత్తరమంతా నోటికి వచ్చునట. ఆమె చెబుతుంటే ఆ ఉర్దూ మాటల్ని తెలుగక్షరాల్లో అదే కాగితం మీద రాశాను. మిల్లు దుమ్ముకు దగ్గొస్తోందని, రంజాన్‌కు సెలవు దొరకొచ్చని, నల్ల మేకను ఎవరినీ అమ్మనివ్వొద్దని. మేక దగ్గర ఆమె నవ్వింది. చివరికొచ్చి ఆగింది. పెదవులు మాత్రం కదిలాయి.

"గీ ఒక్కటి రాయకు. గది నాకు రాసిండు" అన్నది.

నేను కలం మూత పెట్టాను.

రాష్ట్రం వచ్చాక కొన్నాళ్లకు ఆమె పోయింది. కొడుకు ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చి, చివర ఖాళీగా ఉన్నచోట ఏముండేదని అడిగాడు. నాకూ తెలియదన్నాను. ఆల్బంలోంచి వాళ్లమ్మ ఇచ్చిన అణా స్టాంపు తీసి ఇవ్వబోయాను. రంగు కొంచెం కూడా మాయలేదు. ఆయన దాన్ని చూసి, నా చెయ్యి మెల్లగా వెనక్కి నెట్టాడు.

"ఉంచుకోండ్రి సార్. అమ్మ ఇస్తనన్నది ఇచ్చింది."