సారు తాగిన గ్లాసు

మా హెడ్మాస్టరు సారు పోయారని మొన్న పొద్దున్నే ఫోన్ వచ్చింది. బడికి తయారవుతున్నదాన్ని అలాగే కూలబడ్డాను. నేనివాళ పంతులమ్మనయ్యానంటే ఆ చలవ ఆయనదే.

అడవి అంచున ఉన్న కొంటా ఊరి బజార్లో మాది కిరాణా కొట్టు. ఐదో తరగతిలో నాకు క్లాస్ లీడర్ బ్యాడ్జీ మీదే ప్రాణం. సారు దగ్గర మార్కులు చూపిస్తే అది రాదు. సంత రోజు బడి గేటు దగ్గర కుండ పెట్టుకుని, అడవి ఊళ్ల నుంచి చింతపండు, ఇప్పపువ్వు మోసుకొచ్చేవాళ్లకు నీళ్లివ్వాలి.

"లీడరంటే ఏంది బిడ్డా? ఎదుటోళ్ల దాహం ముందుగాల చూసేటోళ్లు," అనేవారు. హిందీ, హల్బీ, దోర్లీ, ఎవరి భాషలో వాళ్లతో మాట్లాడినా ఆయన మొదట అడిగేది ఒకటే: "అన్నం తిన్నవా?"

నా వంతు వచ్చింది. ఇస్త్రీ యూనిఫాం, రెండు జడలు, అబ్బో ఏం టెక్కు! బజారు షావుకార్లకు స్టీలు గ్లాసులో ఇచ్చాను. అడవి ఊళ్లవాళ్లకు పైనుంచి దోసిట్లో పోశాను. కొట్టు దగ్గర మా నానమ్మ చేసేది అదే. తప్పని నాకు తట్టనే లేదు.

సారు వచ్చి ఒక ముసలమ్మ వెనక నిలబడ్డారు. గ్లాసు అందిస్తే తీసుకోకుండా దోసిలి పట్టారు.

"నాకు గూడ ఇట్లనే పొయ్యి."

"అయ్యో, మీకెందుకు సార్?"

"మరి ఆమెకెందుకు?"

అంతే. తిట్టినా బాగుండేది. బ్యాడ్జీ ఇక రాదని ఇంటికెళ్లి ఏడ్చాను. ఏడుస్తుంటే ముసలమ్మ దోసిలే కళ్లముందు కనిపించింది.

మరుసటి సంతకు ఆమె మా కొట్టు ముందే నీళ్లడిగింది. నానమ్మ చూస్తుండగానే గ్లాసు చేతికిచ్చాను.

"ఓసి నీ దుంపతెగ! గ్లాసిస్తవా!" అని నానమ్మ లేచింది.

అటుగా పోతున్న సారు సైకిల్ దిగారు. "నాకు గూడ దాహమైతాంది," అని ముసలమ్మ తాగిన గ్లాసులోనే పోయించుకుని గటగటా తాగేశారు. నానమ్మ గల్లాపెట్టె ముందు కూర్చుని చిల్లర లెక్కపెట్టింది. సోమవారం సారు బ్యాడ్జీ నా అంగీకి పెడుతూ, "బరువుంటది, జాగర్త," అన్నారు.

నిన్న సారు ఇంటికి వెళ్తే వాకిలి నిండా ఊళ్లవాళ్లే. ఎండలో నడిచొచ్చారు. నేను నీళ్లివ్వడానికి లేచాను. ఒక పెద్దాయన అలవాటు కొద్దీ దోసిలి పట్టాడు. చేతిలో గ్లాసు పెట్టాను. ఆయన తాగి, తువ్వాలతో తుడిచి ఇవ్వబోతే అక్కర్లేదని లాక్కుని, అందులోనే పోసుకుని తాగాను.

పెద్దాయన నా మొహంలోకి చూశాడు.

"అన్నం తిన్నవా బిడ్డా?" అన్నాడు.