బోర్డక్క ఇంటర్వ్యూ

ఆ ఇంట్లో అద్దెకు దిగినవాళ్లంతా ఆమెను బోర్డక్క అనేవారు. ఇంటర్వ్యూ బోర్డులో ఎంతమంది కూర్చుంటారో అంతమంది పనీ ఆమె ఒక్కతే చేసేది మరి. ఆమె ఆస్పత్రిలో నర్సు. చదువుకోవడానికే ఈ పరాయి దేశం వచ్చింది. డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగం దొరికింది, ఉద్యోగం దొరకగానే పైచదువు అటకెక్కింది. ఒక గది తనకు ఉంచుకుని, రెండోది తనలాగే దేశం దాటి వచ్చిన పిల్లలకు అద్దెకిచ్చేది.

ఆ పిల్లల్లో ఎవరికైనా యూనివర్సిటీ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందంటే, బోర్డక్క వంటింటి బల్ల తుడిచేసి, గరిట పక్కన పెట్టి, ముఖం గంటు పెట్టుకుని కూర్చునేది. ఇక దయాదాక్షిణ్యాలు ఉండేవి కావు.

"నీ బలహీనత ఏంటి?"

"ఎక్కువ కష్టపడతానండీ."

"అది బలహీనత కాదు, పెళ్లిచూపుల్లో చెప్పే మాట. బయటికెళ్లి మళ్లీ రా."

తెలియనిదాన్ని తెలియదని చెప్పడం కూడా ఆమే నేర్పేది. చిన్నప్పటి నుంచీ మాస్టారి ముందు తెలీదంటే వీపు చిట్లిన పిల్లలు వాళ్లు. ఆ ఒక్క మాట గొంతు దాటి రావడానికి వాళ్లకు రోజులు పట్టేది. ఇంటర్వ్యూ ముగిసేదాకా ఏ పిల్లనూ, ఏ పిల్లాణ్నీ గరిట ముట్టనిచ్చేది కాదు. "నీకు చదువుంది, లే" అనేది. అందరూ సీట్లు తెచ్చుకుని వెళ్లిపోయారు. ఒకరిద్దరు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. మిగతావాళ్ల సంగతి ఎందుకులెండి, ఏరు దాటాక తెప్ప ఎవరికి గుర్తుంటుంది!

ఈసారి ఆ గదిలో ఉన్నది నేలల గురించి చదివే అమ్మాయి. బూట్ల నిండా మట్టితో ఇల్లు చేరుతుంది కాబట్టి బోర్డక్క ఆమెకు మట్టిపిల్ల అని పేరు పెట్టింది. ఒక సాయంత్రం మట్టిపిల్ల తలుపు తీసేసరికి వంటింట్లోంచి రెండు గొంతులు వినిపించాయి. ఒకటి బొంగురుది: "ఈ వయసులో మీకు పరిశోధన ఎందుకండీ?" రెండోది సన్నది: "అదేనండీ, మనవి చేసుకుంటాను..."

తొంగి చూస్తే లోపల బోర్డక్క ఒక్కతే ఉంది. పొయ్యి మీద కూర మాడుతోంది.

"ఎవరితో అక్కా?"

"ఎవరూ లేరు. కాళ్లు కడుక్కో."

గుచ్చి గుచ్చి అడిగితే అసలు విషయం బయటపడింది. బోర్డక్క పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టింది, పిలుపూ వచ్చింది, ఇంటర్వ్యూ వచ్చే వారమే. డిగ్రీ మరీ పాతబడితే చెల్లదని ఆ యూనివర్సిటీ నియమం. ఆమెది వచ్చే ఏడాదికి పాతబడిపోతుంది. ఈసారి తప్పితే ఇక జన్మకు లేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు పరీక్షలు కదే. నీ నెత్తిన ఇదొకటా?"

మట్టిపిల్లకు ఒళ్లు మండింది. అక్కను తలుపు దగ్గరికి తోసి, తనే బోర్డు కుర్చీలో కూర్చుంది.

"చెప్పండి, పరిశోధన ఎందుకు చేయాలనుకుంటున్నారు?"

"చిన్నప్పుడు మా తాతగారి వాచీల కొట్లో కూర్చుని, ముల్లు ఎందుకు తిరుగుతుందో అని..."

"మీ తాతగారికి వాచీల కొట్టుందా అక్కా?"

"లేదు. అది నీకు ముందున్నబ్బాయిది."

ఇంకో ప్రశ్నకు, "ఒక్కో నేలకూ ఒక్కో జ్ఞాపకం ఉంటుందండీ" అంది.

"అది నాది!"

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి, బోర్డక్క ఉన్నట్టుండి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అందరి జవాబులూ నోటికొచ్చు. నాదే రాదు. భయంగా ఉంది" అంది.

"జవాబు వద్దులే. దరఖాస్తు ఎందుకు పెట్టావో నాకు చెప్పు."

అప్పుడు చెప్పింది. వార్డులో ఒక పెద్దాయన ఉండేవాడు. నర్సును పిలిచే బెల్లు చేతికందేలా మంచానికే కట్టి ఉంది. ఒకరోజు ఈమె వెళ్లి చూసేసరికి పక్కంతా తడి, ఆయన చలికి వణుకుతున్నాడు. ఎందుకు నొక్కలేదని కసిరితే, "మీరు పనిలో ఉన్నారు కదమ్మా" అన్నాడు. కసిరినందుకు ఆమె ఇప్పటికీ బాధపడుతుంది. ఆ తర్వాత గమనిస్తే అలాంటివాళ్లు వార్డుకొకరు కనిపించారు. అవసరం ఉండీ బెల్లు నొక్కని మనుషుల మీదే తన పరిశోధన.

"మరి నువ్వు? పక్క గదిలోనే నేను ఉంటున్నా, గోడతో మాట్లాడుకున్నావు."

"నోరు ముయ్యి. కూర మాడింది చూడు."

ఇంటర్వ్యూ కంప్యూటర్లోనే. వంటింటి బల్ల మీదే పెట్టుకున్నారు. మట్టిపిల్ల తన గదిలో పుస్తకం తెరిచి, తలుపు ఓరగా ఉంచింది. తెర మీద ముగ్గురు కనిపించారు. పలకరింపులు బాగానే సాగాయి. మధ్యలో ఉన్న తెల్లజుట్టు ఆవిడ మొదటి అసలు ప్రశ్న మొదలుపెట్టగానే మాట ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు.

బోర్డక్క ముఖాన నవ్వు చెరగనివ్వకుండా ఆ మీటా ఈ మీటా నొక్కింది. అవతల ముగ్గురూ జవాబు కోసం చూస్తున్నారు. పిల్లను పిలుద్దామా? పాపం రేపు దానికి పరీక్ష, చదువుకుంటోంది... ఆ మాట మనసులో అనుకోగానే ఆమె చేయి ఆగింది. ఇది ఆ పెద్దాయన మాటే. మాటలు వేరు, అంతే.

"ఒసేయ్! ఇలా రావే! నాకేం వినబడట్లేదు!"

ఆ కేకకు తెర మీది ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. మట్టిపిల్ల పరుగున వచ్చి, వదులైన వైరు బిగించి, తెరకో నమస్కారం పెట్టి మాయమైంది.

"ఏం జరిగింది?" అంది తెల్లజుట్టావిడ.

"సాయానికి పిలిచానండీ. నాకది అలవాటు లేదు. నా పరిశోధన కూడా దాని గురించే" అంటూ బోర్డక్క పెద్దాయన దగ్గర మొదలుపెట్టింది. ఇక ఆపేవాళ్లు లేకపోయారు. చివర్లో లెక్కల పద్ధతి గురించి ఒకాయన మెలికపెట్టి అడిగితే, "తెలీదండీ. నేర్చుకోవడానికే వస్తానంటున్నాను" అంది. ఎంతమందికి నేర్పిన మాటో, తన నోటికి రావడం అదే మొదలు.

తర్వాత రోజులు నెమ్మదిగా గడిచాయి. ఒక మధ్యాహ్నం కాలేజీలో ఉండగా మట్టిపిల్లకు ఫోన్ వచ్చింది. డ్యూటీలో ఉండగా బోర్డక్క ఎన్నడూ ఫోన్ చేసిన మనిషి కాదు.

"వచ్చిందే. సీటొచ్చింది. ఇప్పుడే చెప్పారు."

మట్టిపిల్ల అరిచిన అరుపుకు పక్కవాళ్లు తిరిగి చూశారు. అవతల ముక్కు ఎగపీల్చిన చప్పుడు.

"ఉన్నావా అక్కా?"

"ఉన్నా. ఇదిగో, ఇవాళ నేను వండను. నువ్వే వండిపెట్టు. ఉప్పు చూసి వెయ్యి."