బండిలో గాలి

మొన్న మనుమరాలు తన కారును రిపేరుకు ఇస్తూ నన్నూ వెంట తీసుకుపోయింది. ఏభై దాటాక నేర్చుకున్న అక్షరాలు కదా, బోర్డు కనబడితే చదవకుండా ఉండలేను. షెడ్డు గోడ మీద ‘బ్రేకుల గాలి తీయబడును’ అని కూడబలుక్కుని చదివేసరికి అంత ఎండలోనూ అక్కడే నిలబడిపోయాను. లోపల ఒక్క మనిషి ఏదో మిషను తగిలించి అరగంటలో పని ముగించాడు.

మా కాలంలో ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు బండెక్కి బ్రేకు తొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం వెనుక పడుకుని నట్టు వదులు చేయాలి. అప్పుడు రబ్బరు గొట్టంలోంచి ఆయిలూ, దానితోపాటు గాలి బుడగలూ గాజు సీసాలోకి దిగుతాయి. నట్టు మళ్లీ బిగించేదాకా కాలు తీయకూడదు. ఒకరికొకరు కనబడరు, అంతా గొంతు మీదే నడుస్తుంది. మా బావ, అంటే మా ఆయన అన్న, వరంగల్‌లో ఒక ఉర్దూ ఉస్తాదు దగ్గర పని నేర్చినవాడు కనుక ‘దబావ్, పకడ్, ఛోడ్’ అనేవాడు. మా ఆయన వాటినే తెలుగులో ‘తొక్కు, పట్టు, ఇడువు’ అనేవాడు. బండికి ఉర్దూ వస్తదా అని తమ్ముడంటే, దానికొస్తది, నీకే రాదు అని అన్న జవాబిచ్చేవాడు.

డెబ్భైల చివర్లో ఒక వానాకాలం, అన్నదమ్ములిద్దరూ నడుపుకునే పాత జీపులో ఏటూరునాగారం పోతూ, అడవి దిగుడులో బ్రేకు పడక బావ చనిపోయాడు. బాగు చేయించి తెచ్చినా బండిని ఎవరూ ముట్టలేదు, ఏడాదిపాటు మా ఇంటి పక్క రేకుల కింద ఉండిపోయింది. చివరికి మా ఆయన, ఇల్లు గడవాలి కదా, అదే దారిలో కిరాయికి తిప్పుతానని పట్టుబట్టి, మరునాడు పొద్దున సంతకు ఎనిమిదిమందిని తీసుకుపోతానని మాట కూడా ఇచ్చి వచ్చి, బ్రేకులకు కొత్త రబ్బర్లు వేశాడు. నేను వద్దని ఏడ్చాను. బ్రేకుల్లో గాలి చేరే అన్న పోయాడు, ఆ గాలి తీసేస్తే భయం లేదన్నాడు. అది విన్న అత్తమ్మ, గాలి అంటే తాను భయపడే దయ్యం గాలే అనుకుని, బండికి వేపకొమ్మలు కట్టి దిష్టి తీసింది. ఇంకోనాడైతే నవ్వేవాళ్లం.

మిట్టమధ్యాహ్నం, వాడంతా సద్దుమణిగి కోళ్లు కూడా నీడకు చేరిన వేళ. అన్న లేడు కనుక బ్రేకు తొక్కడానికి నన్ను ఎక్కించి, మా ఆయన చక్రాల వెనుక పడుకున్నాడు. మూడు చక్రాలు అయిపోయి, వెనుక ఎడమ చక్రానికి వచ్చాం. తొక్కు, పట్టు, ఇడువు అని చాలాసేపు నడిచి ఆయన గొంతు ఆగిపోయింది. నేను పాదం ఎత్తి మాట కోసం చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపటికో ఆ చక్రం వైపు నుంచి మెల్లగా, పక్కన కూర్చుని చెప్పినట్టుగా, ‘పకడ్’ అని వినబడింది.

ఏమీ ఆలోచించకుండా తొక్కి పట్టాను. ఆ తర్వాతి మాట రాలేదు. కాలు నొచ్చి తీయబోతుంటే మళ్లీ అదే, ‘పకడ్’. అప్పటిదాకా రాయిలా ఉన్న బ్రేకు, బురదలో దిగబడినట్టు నా పాదం కింద మెల్లమెల్లగా దిగి, అడుగు రేకుకు ఆనుకుంది.

గడపలో బియ్యం ఏరుతున్న అత్తమ్మ తలెత్తింది.

“వాడు బోరింగు కాడ చేతులు కడుగుతాండు గద బిడ్డా, ఎవలి కోసం తొక్కుతానవ్?”

మా ఆయన తడిచేతులతో వచ్చి, నట్లన్నీ ఎప్పుడో బిగించానని, నన్ను దిగమనడం మరిచానని అన్నాడు. బ్రేకు దిగిపోయిందంటే నమ్మలేదు. తానే ఎక్కి టపటపా తొక్కితే గట్టిగానే ఉంది. అట్లా కాదు, తొక్కి పట్టి ఉంచమన్నాను. పట్టాడు. చూస్తుండగానే అది అడుక్కి పోయింది, ఆయన దిగి పానా అందుకున్నాడు.

విప్పి చూస్తే, బ్రేకు తొక్కినప్పుడు ఆయిలును చక్రాలకు నెట్టే పెద్ద సిలిండరులోని రబ్బరు కొంచెం చిన్నది, పట్టి ఉంచితే దాని పక్కలనుంచి ఆయిలు జారిపోతోంది. అప్పట్లో మా ఇద్దరికీ చదువు రాదు. పాత రబ్బరు డబ్బా మీది ఎర్ర బొమ్మను గుర్తుపెట్టుకుని అదే బొమ్మ ఉన్నది తెచ్చాడు. దుకాణంలో చదివించుకుంటే అది వేరే బండిదట. సంతకు పోవడం ఆగిపోయింది.

“పట్టుమని నీకెవలు చెప్పిన్రు?” అని అడిగాడు.

“నువ్వే అనుకున్న. పకడ్ అని వినబడ్డది.”

చేతిలోని పానా కింద పెట్టి, వెనుక చక్రం దగ్గర వంగి చూసి వచ్చాడు. మళ్లీ ఎన్నడూ అడగలేదు. గడపలోంచి ఆ మాట విన్న అత్తమ్మ, సాయంత్రం వేపకొమ్మలు తానే విప్పేసింది.

సరైన రబ్బరు వేశాక ఆ దారిలో మా ఆయన ఎన్నో ఏళ్లు బండి నడిపి, ముసలితనంలో మంచం మీద కన్నుమూశాడు. గాలి తీయాల్సి వచ్చినప్పుడల్లా నేనే ఎక్కి కూర్చునేదాన్ని, ఆయన తన మూడు మాటలే చెప్పేవాడు, ఇంకో మాట కోసం నా చెవి ఊరికే కాచుకుని ఉండేది. ఇప్పటి పని శుభ్రంగానే ఉంది, వంక పెట్టను. కానీ అప్పుడు కనబడని మనిషి గొంతును నమ్మి కాలు కదిపేవాళ్లం. ఆ వైపు నుంచి ఏదైనా చెప్పాలనుకునేవారికి ఇక్కడ వినే మనిషి ఒకరు ఉండేవారు. ఇప్పుడు చెప్పాలని ఎవరికైనా ఉన్నా, బ్రేకు మీద కాలు పెట్టి చెవి ఒగ్గి కూర్చునేవారు ఎవరున్నారు?