బాసగూడ దారిలో తీపికి మొహం వాచిన రోజు

మా ఆయన గనిలో ఉద్యోగానికని బచేలీ వచ్చి పాతికేళ్లు దాటింది. అందులో సగం కాలం నుంచీ నాకు షుగరు. పొద్దున చూస్తే మూడు వందలు, సాయంత్రం చూస్తే డెబ్బై. డాక్టరుగారు వెళ్లినప్పుడల్లా "కంట్రోల్లో లేదమ్మా" అంటారు, నేనేదో గొళ్లెం తీసి వదిలేసినట్టు. అలాంటిదాన్ని ఒక్కదాన్నే బాసగూడ వైపు ఎందుకు బయల్దేరానంటే, సమ్మక్క రమ్మంది. గీదంలో డాక్టరు దగ్గర ఒకే బెంచీ మీద కూర్చుని కూర్చుని స్నేహితులమయ్యాం. ఆమెకీ నాలాగే ఇన్సులిన్, ఆమెదీ నాలాగే దారికి రాని షుగరు. "అక్కా, ఇప్పపువ్వు రాలేటప్పుడు రా, అడివంతా వాసనొస్తది" అంటే ఆశ పుట్టింది.

మా కాలనీ ముందు అద్దె కారు పెట్టుకునే మంగల్‌తో రానూపోనూ నాలుగు వేలకి మాట్లాడుకుని ఉదయం ఆరున్నరకి బయల్దేరాను. గీదం చేరేసరికి ఎనిమిది. బీజాపూర్ వెళ్లేవాళ్లు టిఫిను ఇక్కడే చేయడం మంచిది, తర్వాత చాలాసేపు సరైన హోటలు తగలదు. ఆ రోజు పరగడుపున మీటరు మూడు వందల పన్నెండు చూపించింది. నాకు ఒళ్లు మండిపోయి, బండిలో కూర్చునే ఇన్సులిన్ నాలుగు యూనిట్లు ఎక్కువ వేసుకున్నాను. డాక్టరుని అడగలేదు, నా ఇష్టం. తీరా హోటల్లోకి వెళితే వంటాయన తాపీగా "దీదీ, ఇడ్లీకి ఇంకో అరగంట. పోహా ఉంది, జలేబీ గరం గరం ఉంది" అన్నాడు.

"జలేబీ పేరెత్తకు నాయనా, నీకు పుణ్యముంటుంది" అని పోహా తీసుకున్నాను. నాలుగు చెంచాలు తిన్నానో లేదో మంగల్ పరిగెత్తుకొచ్చాడు. "ఆంటీజీ, జల్దీ! ముందర పుల్ దగ్గర పని నడుస్తోంది. తొమ్మిదికి బంద్ చేస్తారంట, మళ్లా పన్నెండు తర్వాతే!" మిగతాది వదిలేసి లేచాను. అటుకులతో షుగరు పెరుగుతుందిలే, వదిలేయడమే మంచిదని మనసుకి సర్దిచెప్పుకున్నాను కూడా.

ఎంత ఉరికినా వంతెన దగ్గర లారీల వెనక ఇరుక్కుపోయి, దారి మూసే ముందు ఎలాగో దాటాం. బీజాపూర్ దాటేసరికి పదకొండయింది. సమ్మక్క వండిపెట్టుకుని ఎదురుచూస్తుంటుందని అక్కడా ఆగలేదు. ఆవపల్లి దాటాక పోలీసు క్యాంపు దగ్గర బండి ఆపి పేరూ ఊరూ అడిగారు, ఆధార్ కార్డు చేతికి అందేలా పెట్టుకోండి. పన్నెండున్నరకి సమ్మక్క ఇంటి ముందు దిగాను. టైరులో గాలి తగ్గిందని మంగల్ వెంటనే బాసగూడకి వెళ్లిపోయాడు. నా బిస్కెట్లు బండిలోనే ఉండిపోయాయి.

వాకిలంతా చాపల మీద ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. సమ్మక్క నవ్వుతూ ఎదురొచ్చింది, వెనకే వాళ్ల అత్త. "నీకు అన్నం పెడ్తనా అక్కా? షుగర్ మనిషివి. కోస్రా వండుతున్న, జర సేపు ఆగు" అంది. కోస్రా అంటే ఇక్కడి చిరుధాన్యం. ఉడకడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా తాగమని చక్కెర వేయని నల్ల టీ ఇచ్చింది, ఎంత ప్రేమగానో. రెండు గుక్కలు తాగానో లేదో మెడ వెనక చెమట మొదలైంది. పెదాల చుట్టూ తిమ్మిరెక్కింది. ఊరికే కోపం వచ్చేసింది, టీ గ్లాసు మీద, సమ్మక్క మీద, ఎండ మీద. నాకు తెలుసు, షుగరు పడిపోతోంది. చెప్పాలి. నోరు తెరిస్తే నాలుక మడత పడిపోయి ఏదో వింత చప్పుడు వచ్చింది.

"ఏందక్కా? ఏమైంది?" సమ్మక్క నా మొహం చూసి హడలిపోయింది. "అత్తా, షుగర్ పెరిగి ఎట్లయిపోయిందో సూడు!" అంటూ లోపలికి ఉరికింది. తడి ఇసుక నింపిన కుండలో దాచుకున్న ఇన్సులిన్ సీసా, సిరంజీ పట్టుకుని వచ్చింది. నన్ను బతికించడానికే వస్తోంది. ఆ సూది పడిందంటే నా పని అయిపోయినట్టే. తల అడ్డంగా ఊపాను, ఊపినట్టు నాకైతే అనిపించింది. ముసలావిడ నా భుజాలు గట్టిగా పట్టుకుంది.

అమ్మ బాబోయ్ అనుకుని చాప మీదికి ఒరిగి, అందినన్ని ఇప్పపువ్వులు నోట్లో కుక్కుకున్నాను. "ఉమ్మెయ్యక్కా! తీపి అది, సస్తవ్!" అని సమ్మక్క నా నోట్లో వేళ్లు పెట్టి పువ్వులు లాగబోయింది. కొరికేశాను. నిజంగానే, రక్తం వచ్చేలా కొరికాను. ఆమె కెవ్వుమంది, సిరంజీ కింద పడింది. దాన్ని నా కింద వేసుకుని పడుకుని పిచ్చిదానిలా నమిలాను. మట్టీ ఇసుకా కూడా మింగే ఉంటాను. కాసేపటికి నాలుక తిరిగింది. "సూది వద్దు. పంచదార నీళ్లు" అన్నాను. ముసలావిడే ముందు కదిలింది. గ్లాసుడు తాగాక సంచీలోంచి మీటరు తీసి వేలు పొడిచి చూసుకుంటే యాభై నాలుగు.

కోస్రా, పప్పు ముందు పెట్టి, వేలికి గుడ్డ చుట్టుకుని సమ్మక్క నా పక్కన కూలబడింది.

"అక్కా, సెమట, వణుకు... తక్కువైతే గూడ వస్తదా?"

"తక్కువైతేనే వస్తుందే."

"నాకు వారంల రెండు మూడు సార్లు వస్తది. పెరిగిందనుకొని ఆ పూట బువ్వ మానేస్త. ఒక్కోపారి సూది గూడ ఏసుకున్న."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అప్పటిదాకా నా ప్రాణం గురించే భయపడ్డాను. ఈమె ఎన్నిసార్లు ఈ వాకిట్లోనే ఒంటరిగా, ఆకలితో వణికి ఉంటుందో! సమ్మక్క అదంతా అత్తకి వాళ్ల దోర్లీ భాషలో విడమరిచి చెబితే ఆవిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. వణికితే ముందు తీపి, తర్వాత తిండి, సూది గురించి డాక్టరుకే ఫోను అని ఇద్దరిచేతా అనిపించాను. మీటరు సమ్మక్కకే ఇచ్చేసి, మంగల్ తిరిగి రాగానే నాలుగింటికి బయల్దేరాను.

ఇప్పచెట్ల మధ్య నుంచి తిరిగి వస్తుంటే వాసన బాగానే ఉంది, చూసే ఓపిక లేదు. పన్నెండేళ్లుగా షుగరంటే పెరగడమే అన్నట్టు తీపికి భయపడ్డాం, మా ఇళ్లలోవాళ్లకీ అదే నేర్పాం. పడిపోవడం గురించి ఎవరికీ చెప్పలేదు. మీరూ షుగరుతో ఈ దారిన వస్తే పటికబెల్లం బండిలో కాదు, కొంగున కట్టుకోండి. తోడొచ్చేవాళ్లకి, అన్నం పెట్టేవాళ్లకి ముందే చెప్పండి: నా మాట తడబడితే తీపి పెట్టండి, సూది ముట్టుకోవద్దు.

మొన్న సిగ్నలు దొరికే చోటికొచ్చి సమ్మక్క ఫోను చేసింది. "అక్కా, నిన్న మళ్ల వణుకొచ్చింది" అంది. "సూది వేసుకున్నావా?" అని అరిచాను. "తిన్న" అంది.