తుబ్లీ నుంచి తెచ్చిన పువ్వు

ఏటా గుమ్మడిగింజలు నాటేటప్పుడు మా మేస్త్రీ మాటే గుర్తొస్తుంది: “నిమ్మలంగ, తమ్మీ.”

ఎనభైల్లో అరబ్బు దేశంలో పనికి పోయినప్పుడు, మేముండే సిత్రా క్యాంపులో, ఊరి నుంచి తెచ్చిన గింజతో ఆయన ఒక పాదు పెంచాడు. అక్కడ తేనెటీగలు కనిపించేవి కావు. అందుకని పొద్దున్నే డ్యూటీ బస్సు రాకముందే మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, ఊపిరి బిగబట్టి ఆడపువ్వుకు అద్దేవాడు. అయినా పిందెలన్నీ ఎండకు రాలిపోయాయి. చివరికి ఒక్క ఆడమొగ్గ మిగిలింది. ఒక్క కాయ పండితే చాలు, విత్తనం దక్కుతుందని ఆయన ఆశ.

అది విచ్చుకునే ముందురోజు, ఎలాగూ కాయవు కదా అని నేను మగపూలన్నీ మొగ్గలతో సహా కోసి బజ్జీలు వేశాను. ఆయన రెండు తిన్నాక అడిగాడు.

“ఏం పూలు తమ్మీ ఇవి?”

చెప్పాను. పళ్లెం కింద పెట్టేశాడు.

తెల్లారేసరికి మంచం మీద లేడు. బస్సు బయల్దేరుతుండగా, దూరాన ఉన్న తుబ్లీ అనే ఊరి నుంచి నడిచొచ్చి టిఫిన్ డబ్బా మూత తీశాడు. లోపల తడిగుడ్డలో, ఎవరి పాదు నుంచో అడిగి తెచ్చిన మగపువ్వు. తిడతాడనుకున్నాను. దాన్ని నా చేతిలో పెట్టాడు.

“నువ్వే అద్దు. నిమ్మలంగ.”

డ్రైవర్ “యల్లా, యల్లా” అని తొందరపెడుతూ అరిచి అరిచి, మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయాడు. మేస్త్రీ అటు తలైనా తిప్పలేదు. పువ్వు అద్దుతున్న నా వేళ్లనే చూస్తున్నాడు, ఊపిరి బిగబట్టి.