బంతి నడుమ గునుగు

మొన్న మా కాలనీ ఆడవాళ్ల ఫోన్ గ్రూపులో ఒకామె విత్తనాల పొట్లం ఫొటో పెట్టింది. నిగనిగలాడే కాగితం, దాని మీద గులాబీ రంగు కంకులు, కింద నోరు తిరగని ఇంగ్లీషు పేరు. చాలా అరుదైన పూలట, ఎవరికైనా కావాలా అని అడిగింది. కళ్లజోడు పెట్టుకుని చూద్దును కదా, గునుగు! చేలల్లో, ఖాళీ జాగాల్లో ఎవరూ పిలవకుండానే మొలిచే గునుగు. నవ్వు రావాల్సింది, ఒళ్లు మండింది. ఆ అరుదైన పూలను మొలిపించడానికి నేను మూడు వానాకాలాలు తగలేశాను మరి.

రాష్ట్రం రాకముందు సంగతి. నాచారంలో ఎనభై గజాల ఇల్లు మాది. మందుల కంపెనీలో ప్యాకింగుకు పోయేదాన్ని. ఇల్లు కట్టుకున్న కొత్తలో చుట్టూ ప్లాట్లన్నీ ఖాళీయే. వానలు పడితే తెల్లటి గునుగు గోడ ఎత్తున లేచేది, బతుకమ్మ పండుగకు మా ఆయన కొడవలి పట్టుకుపోయి మోపెడు కోసుకొచ్చేవాడు. తర్వాత ఒక్కో ప్లాటూ అపార్ట్‌మెంటయింది. ఉప్పల్‌లో కొనుక్కొద్దామంటే అత్తమ్మ వినదు. "కొన్న పువ్వుతోని బతుకమ్మ ఏందే? బజార్ల పువ్వు బజార్లనే ఉండని" అని సంచి సర్దుకుని, జనగామ దగ్గర వాళ్ల ఊరికి బస్సెక్కేసేది. ఏడాది పొడుగునా మా ఇంట్లోనే ఉండే మనిషి సరిగ్గా పండుగ తొమ్మిది రోజులూ ఉండదు. "మీ అత్తకూ నీకూ పడదా?" అని పక్కింటామె ఏటా అడిగేది. ఎన్నిసార్లని చెప్పను! అందుకే, డాబా మీద గునుగు నేనే పెంచి, అత్తమ్మకు ఊరికి పోయే సాకు లేకుండా చేయాలని పంతం పట్టాను.

ఊళ్లో ఎండిన కంకులు దులిపి విత్తనాలు తెచ్చాను. నల్లగా, నువ్వుగింజలో సగం కూడా ఉండవు. మొదటి ఏడు వాటిని మట్టి మీద చల్లి డ్యూటీకి పోతే, సాయంత్రానికి చీమలు బారులు కట్టి మోసుకుపోయాయి. రెండో ఏడు తెలివి చూపించి వేలెడు లోతున పెట్టాను. ఒక్కటీ పైకి రాలేదు. అత్తమ్మ కింద మెట్ల మీద కూర్చుని ఒకటే నవ్వడం. "గునుగుకు ఇత్తనం పెడుతున్నవా? దాన్ని పీకి పీకి నా నడుం ఇరిగిందే. ఎవలన్న ఇంటె నవ్వుతరు!" ఆ నవ్వు నాకెక్కడో తగిలింది. మూడో ఏడు ఆమెకు చెప్పకుండా, బంతి నారు పోసిన సిమెంటు తొట్లలోనే బంతి నడుమ నడుమ గునుగు చల్లాను. మోకాళ్ల నొప్పులతో ఆమె డాబా ఎక్కేది కాదు కనుక భయం లేదనుకున్నాను. ఈసారి మొలిచింది. మోకాలెత్తు పెరిగింది, కొసల్లో కంకులు తొడిగే వేళయింది. పొద్దున డ్యూటీకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఎక్కి చూసుకునేదాన్ని.

పండుగ ఇంకో పక్షం రోజులుందనగా ఒకనాడు ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గడపలో మోకాళ్లకు తైలం రాసుకుంటూ కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది. "బిడ్డా, నీ బంతి తొట్లల్ల మస్తు గునుగు వట్టింది. డ్యూటీలు చేసుకుంట నువ్వేడ తీస్తవని నేనే ఎక్కి మొత్తం పీకేసిన. ఇగ సూడు, బంతి ఎట్ల పూస్తదో!" పైకి పరుగెత్తాను. కలుపు తీసే వాళ్లు గట్టున వేసినట్టు, వేళ్లన్నీ ఒకే వైపుకు పెట్టి, పిట్టగోడ మీద వరుసగా పేర్చి ఉంది నా గునుగు. కిందికొచ్చి అరిచాను. "అది నేనే పెట్టిన అత్తమ్మా! నువ్వు పండుగకు ఊరికి పోవద్దని పెట్టిన!" ఆమె చేతిలో తైలం సీసా అట్లాగే ఉండిపోయింది. "చెప్పొద్దా బిడ్డా?" అంది, అంతే. ఆ మాట నిజం కాబట్టే నా కోపం రెట్టింపయింది. ఆ సాయంత్రం ఆమె మళ్లీ పైకెక్కి ఆ మొక్కలన్నిటినీ తిరిగి నాటి నీళ్లు పోసిందట. రెండు రోజుల్లో అన్నీ ఎండిపోయాయి.

ఆ ఏడు ఆమె సంచి సర్దుకోలేదు. మొదటి రోజు బతుకమ్మ నాడు పొద్దున్నే చెప్పకుండా ఎటో పోయి, ఆటోలో దిగింది. కొంగు నిండా గునుగు. "యాడిది?" అన్నాను ముక్తసరిగా. "రైలు పట్టాల పొంటి మస్తుగుంది. కోసుకొచ్చిన" అంది, నా వైపు చూడకుండా. కొత్తిమీర కట్ట దగ్గర కూడా గీసి గీసి బేరమాడే మనిషి, కొన్న పువ్వు ముట్టనని ఏళ్ల తరబడి మొండికేసిన మనిషి, పళ్లెం ముందు కూర్చుని వరుసలు పేర్చడం మొదలుపెట్టింది. ఒక్కో గుప్పెడుకూ పచ్చ రబ్బరు బ్యాండు. అమ్మేవాళ్లు వేసేది. తీసి తీసి తొడ కింద దాచుకుంటోంది. నేను చూశాను. నేను చూడటం ఆమె చూసింది. ఒక్క మంచి మాట అంటే నా సొమ్మేం పోయేది! బంతిపూలు తెంపడానికి డాబా మీదికి పోయాను.

ఆ సాయంత్రం కాలనీలో ఇద్దరం పక్కపక్కనే ఆడాం. నాకు కావాల్సింది అదే, అయినా ముఖం ముడుచుకునే ఆడాను. అత్తమ్మా, ఆ పూలు నా కోసం కొన్నవా అని అడగడానికి ఆ తర్వాత నాకు చాలా రోజులే దొరికాయి. ఆ రోజులున్నప్పుడు నా దగ్గర కోపం ఉంది. కోపం పోయేసరికి రోజులూ లేవు, ఆమే లేదు.