గీత మీద చుక్కలు

ల్యాబులో అందరూ ఆవిడని మెల్లగక్క అంటారు. ట్యూబు ఎవరు ముట్టుకున్నా "మెల్లగా, మెల్లగా" అంటుంది మరి. తనైతే నిద్రపోతున్న పసిబిడ్డని ఒత్తిగిలించినట్టు తిప్పుతుంది, ఊపిరి బిగబట్టి మరీ. పదకొండేళ్లుగా ఆవిడ పని కణాల్ని వేరుచేసే మిషను నడిపి, బతికున్నవాటిని ట్యూబులోకి, చచ్చినవాటిని వేస్టు సీసాలోకి పంపడం. పొర చిరిగిన కణంలోకి ముందే కలిపిన ఎరుపు రంగు దూరుతుంది, కనక కంప్యూటరు తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్కగా పడుతున్నప్పుడు ఎర్రచుక్క కనబడితే అది చచ్చినట్టే. ఎర్రవాటికీ మిగతావాటికీ నడుమ ఆవిడ మౌసుతో ఒక గీత గీస్తుంది, దాన్నిబట్టి మిషను పంచుతుంది. అంతే.

నిన్న కొత్త మిషను మొదలైంది. పాతదానిలా కణాల్ని విసిరికొట్టదు, వెంట్రుకంత కాలవలో నెమ్మదిగా నడిపిస్తుంది. సగం ఎర్రబడ్డ చుక్కలు కొన్ని సరిగ్గా గీత మీద కూర్చున్నాయి. ఎప్పట్లా వేస్టు వైపు తోసేయబోయి, ఎందుకో చెయ్యి రాక, విడిగా ఒక గిన్నెలో పట్టి ఉంచింది. పొద్దున మైక్రోస్కోపులో చూస్తే అవి గిన్నె అడుగుకి కరుచుకుని, కాళ్లు చాపుకుని హాయిగా ఉన్నాయి.

"మేడమ్, ఇవి చచ్చాయి కదా?" అని సైంటిస్టుని అడిగింది.

"చచ్చినవి అలా అతుక్కోవు. చిరుగు పూడ్చుకున్నట్టున్నాయి. మంచిదేగా!"

"మరి ఇన్నాళ్లూ నేను పారబోసినవి?"

"పాత మిషన్లో దెబ్బలకి నిజంగానే చచ్చాయేమో. ఇప్పుడెలా చెప్తాం?"

సంతోషించాలో ఏడవాలో ఆవిడకి తెలియలేదు. సాయంత్రం, ఏ కణం మిగిలినా చచ్చేలా వేస్టు సీసాలో బ్లీచు పోసే వేళయింది. డబ్బా వంచి, మళ్లీ నిలబెట్టి, సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. ఉత్త నీళ్లలానే ఉంది. రోజూ గడగడా పోసే బ్లీచుని ఇవాళ మెల్లగా, ఒక్కో చుక్కే పోసింది.